‘ఆసక్తి లేని’ విమర్శకుడు: డిస్‌ఇంటరెస్టెడ్, అన్‌ఇంటరెస్టెడ్ పదాల మధ్య దూరం

సాహిత్య విమర్శ పేపరు జవాబు పత్రాలు దిద్దడానికి కూర్చున్నప్పుడల్లా నాకొక వాక్యం ఎదురయ్యేది. “విమర్శకుడు ఆసక్తి లేకుండా రచనను చదవాలని మాథ్యూ ఆర్నాల్డ్ చెప్పాడు.” ఏ కట్ట విప్పినా రెండు మూడు పత్రాల్లో ఈ వాక్యం ఉండేది. మొదట్లో ఎర్ర సిరాతో గీత గీసి ఊరుకునేవాణ్ణి. తర్వాత ఆలోచిస్తే ఆ తప్పు విద్యార్థులది కాదనిపించింది. వాళ్లు చదివిన గైడులో అలాగే ఉంది. గైడు రాసినాయన చూసిన నిఘంటువులోనూ డిస్‌ఇంటరెస్టెడ్ అనే మాటకు ఎదురుగా ‘నిరాసక్తమైన’ అని ఉండి ఉంటుంది. ఆసక్తి లేకుండా ఎవరైనా పుస్తకం చదవగలరా అని ఎవరూ ఆగి అడగలేదు.

ఇది అనువాదంలో దొర్లిన చిన్న పొరపాటులా కనిపిస్తుంది కాని, దాని ఫలితం చిన్నది కాదు. విమర్శ అంటే మనసు లేకుండా చేసే పని అని నమ్మిన విద్యార్థి తనకు నచ్చిన కథ గురించి రాయాల్సి వచ్చినప్పుడు ఆ ఇష్టాన్ని దాచిపెడతాడు. “ఇతివృత్తం బాగుంది, పాత్రచిత్రణ బాగుంది, శైలి సరళంగా ఉంది” అని మూడు ముక్కలు రాసి బయటపడతాడు. అలాంటి పత్రాలు వందల కొద్దీ చదివాను. ఒక మాటను తప్పుగా నేర్పినందుకు మనం చెల్లించిన మూల్యం అది. అందుకే ఈ పాఠంలో ఆ మాటనూ, దానికి తోబుట్టువులా కనిపించే అన్‌ఇంటరెస్టెడ్ అనే మాటనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

రెండింటిలోనూ ఉన్నది ఇంటరెస్ట్. మన ఊళ్లలో అందరూ వాడే మాటే. “నాకు ఇంటరెస్ట్ లేదండీ” అంటే ఇష్టం లేదని. “బ్యాంకులో ఎంత ఇంటరెస్ట్ ఇస్తున్నారు?” అంటే వడ్డీ ఎంత అని. “ఆ స్థలం విషయంలో ఆయనకేదో ఇంటరెస్ట్ ఉంది” అంటే ఆయన లాభమేదో అందులో ఉందని. మూడు అర్థాలూ మనకు తెలుసు. లాటిన్‌లో ఇంటర్ అంటే మధ్య, ఎస్సె అంటే ఉండటం. మధ్యలో ఉండటం, అంటే సంబంధం కలిగి ఉండటం. ఆ సంబంధం మొదట చట్టానికీ డబ్బుకూ చెందినది: వాటా, హక్కు, నష్టపరిహారం, వడ్డీ. మనసుకు చెందిన కుతూహలం అనే అర్థం ఆ తర్వాత వచ్చి చేరింది. ఇప్పుడు చూడండి. అన్‌ఇంటరెస్టెడ్ అనే మాటలో కాదంటున్నది కుతూహలాన్ని. డిస్‌ఇంటరెస్టెడ్ అనే మాటలో కాదంటున్నది వాటాను. మొదటివాడికి విషయం పట్టదు. రెండోవాడికి ఆ విషయంలో సొంత లాభనష్టాలు లేవు. ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు సరికదా, వ్యతిరేక పదాలు కూడా కావు. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు, ఒకటే ఉండవచ్చు, రెండూ లేకపోవచ్చు.

ఊళ్లో గట్టు తగాదా వచ్చిందనుకుందాం. తీర్పు చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి పొలం ఆ గట్టుకు ఆనుకునే ఉంది. గట్టు జరిగితే ఆయనకు రెండు సెంట్లు కలిసి వస్తుంది. ఆయన కాగితాలన్నీ శ్రద్ధగా చూస్తాడు, కొలతలు దగ్గరుండి వేయిస్తాడు. ఆయన అన్‌ఇంటరెస్టెడ్ కాదు, డిస్‌ఇంటరెస్టెడ్ కూడా కాదు. రెండో పెద్దమనిషి పొరుగూరి వాడు, ఆయనకు ఇందులో పైసా లాభం లేదు. కాని తగాదా నడుస్తున్నంతసేపూ ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. ఈయన డిస్‌ఇంటరెస్టెడ్, అన్‌ఇంటరెస్టెడ్ కూడా. మనకు కావలసింది మూడో మనిషి: తనకేమీ రాదు, అయినా మధ్యాహ్నం ఎండలో గట్టు వెంట నడిచి చూస్తాడు. ఆర్నాల్డ్ అడిగిన విమర్శకుడు ఈ మూడోవాడు. మన గైడు పుస్తకం చూపించింది ఫోను చూసుకుంటున్న రెండోవాణ్ణి.

న్యాయస్థానాల్లో ఈ మాటకు ఎంత బరువుందో చెప్పే కేసు ఒకటి ఇంగ్లండులో జరిగింది. గ్రాండ్ జంక్షన్ కెనాల్ కంపెనీకీ డైమ్స్ అనే వ్యక్తికీ మధ్య వివాదం. లార్డ్ చాన్సలర్ కాటెన్‌హామ్ కంపెనీకి అనుకూలమైన ఉత్తర్వులను ఖాయం చేశాడు. ఆయనకు ఆ కంపెనీలో వాటాలున్నాయని తర్వాత తేలింది. 1852లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆయన ఉత్తర్వును కొట్టివేసింది. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ వాటాల వల్ల కాటెన్‌హామ్ మనసు రవ్వంతైనా అటు మొగ్గిందని తీర్పు చెప్పినవారు అనలేదు. అలా ఎవరూ అనుకోరని స్పష్టంగానే చెప్పారు. అయినా వాటా ఉన్నవాడు న్యాయమూర్తిగా కూర్చోకూడదన్నారు. అంటే డిస్‌ఇంటరెస్టెడ్ అనేది మనసులోని భావం పేరు కాదు, మనిషి నిలబడిన చోటు పేరు. అన్‌ఇంటరెస్టెడ్ అనేది మాత్రం పూర్తిగా మనసుకు సంబంధించినదే.

ఆ ప్రమేయం డబ్బు రూపంలోనే ఉండనక్కరలేదు. మన దగ్గర 1950ల చివర కృష్ణా జిల్లా బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లిన గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు న్యాయశాస్త్ర విద్యార్థులందరికీ పరిచయమే. బస్సు రూట్లను ప్రభుత్వపరం చేసే పథకంపై అభ్యంతరాలను రవాణాశాఖ కార్యదర్శే విన్నాడు. ఆయన జేబులోకి ఏమీ రాదు. కాని పథకం వెనక ఉన్నది ఆయన శాఖ. తన శాఖ వ్యవహారంలో తానే విచారణాధికారి అయ్యాడని కోర్టు తప్పుపట్టింది.

ఇది చదివిన రోజున నాకు నా సంగతే గుర్తొచ్చింది. ఒక బహుమతి కమిటీలో కూర్చున్నాను. వచ్చిన పుస్తకాల్లో ఒకదానికి ముందుమాట రాసింది నేనే. ఆ సంగతి కమిటీలో చెప్పాను, అందరూ నవ్వి “మీరు అలాంటివారు కాదు లెండి” అన్నారు. నేనూ నమ్మాను, కూర్చున్నాను. కాటెన్‌హామ్ కూడా అలాంటివాడు కాదు. తప్పుకోవలసింది.

ఇంగ్లీషు వాళ్లు ఈ రెండు మాటలనూ ఎప్పుడూ ఇంత శుభ్రంగా వాడుకున్నారని అనుకోకండి. 17వ శతాబ్దంలో పరిస్థితి దాదాపు తలకిందులుగా ఉండేది. డిస్‌ఇంటరెస్టెడ్ అంటే పట్టించుకోని అనే అర్థంలో కవి జాన్ డన్ కాలపు రచనల్లోనే కనిపిస్తుంది. అన్‌ఇంటరెస్టెడ్ అనే మాటకు తొలినాళ్లలో పక్షపాతం లేని అనే అర్థం ఉండేది. 18వ శతాబ్దంలో రెండూ మెల్లగా చోట్లు మార్చుకుని స్థిరపడ్డాయి. 1805లో హాజ్లిట్ తన తొలి తాత్విక గ్రంథంలో మనిషి మనసుకు సహజంగానే స్వార్థరహితమైన గుణం ఉందని వాదించినప్పుడు వాడింది డిస్‌ఇంటరెస్టెడ్‌నెస్ అనే మాటనే. కీట్స్ 1819లో తమ్ముడికి రాసిన లేఖలో ఈ గుణం పూర్తిగా ఉన్నవారు సోక్రటీసు, యేసు అనే అర్థంలో రాశాడు. అంత ఎత్తున నిలిచిన మాట 20వ శతాబ్దంలో మళ్లీ జారింది. ఈనాడు ఇంగ్లీషు పత్రికల్లో విసుగెత్తిన, మనసు లేని అనే అర్థంలో డిస్‌ఇంటరెస్టెడ్ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నిఘంటువులు ఆ అర్థాన్ని కూడా నమోదు చేస్తున్నాయి. నిఘంటువు పని అదే, దాన్ని తప్పుపట్టను. కాని పాత గ్రంథం చదివేటప్పుడు కొత్త అర్థాన్ని అందులోకి దూర్చడం మాత్రం చదువరి తప్పు.

ఇప్పుడు ఆర్నాల్డ్ దగ్గరకు వద్దాం. ఆయన బడుల ఇన్‌స్పెక్టరు. 1851 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఆ ఉద్యోగం చేశాడు. ఆక్స్‌ఫర్డులో కవిత్వ ఆచార్యుడిగా కూడా ఉన్న కాలంలో, 1864లో, విమర్శ చేయవలసిన పని గురించి ఉపన్యసించాడు. మరుసటి ఏడు అది ఆయన విమర్శ వ్యాసాల సంపుటిలో మొదటి వ్యాసంగా వచ్చింది. లోకంలో ఆలోచించినవాటిలో, తెలుసుకున్నవాటిలో ఉత్తమమైనదాన్ని నేర్చుకుని పదిమందికీ అందించడానికి చేసే డిస్‌ఇంటరెస్టెడ్ ప్రయత్నమే విమర్శ అని అందులో ఆయన సారాంశం. ఈ విశేషణం ఎందుకు వాడాడో తెలియాలంటే ఆ రోజుల పత్రికలను చూడాలి. ఎడిన్‌బరో రివ్యూ విగ్గులది, క్వార్టర్లీ రివ్యూ టోరీలది. ఒక్కో మతశాఖకూ ఒక్కో పత్రిక. పుస్తకం చేతికి రాగానే, ఇది మనవాళ్లకు పనికొస్తుందా లేదా అన్న లెక్కతోనే సమీక్ష మొదలయ్యేది. ఆర్నాల్డ్ కోపం ఆ లెక్క మీద. ఉత్సాహం మీద కాదు.

ఆయన ఉత్సాహం ఎలాంటిదో అదే వ్యాసంలో ఒకచోట చూస్తాం. ఆడర్లీ, రోబక్ అనే ఇద్దరు రాజకీయ నాయకులు ఇంగ్లండు జాతి గొప్పతనాన్ని ఆకాశానికెత్తుతూ ప్రసంగాలు చేశారు. ఒకాయన రైతుల ముందు, ఇంకొకాయన షెఫీల్డు కత్తుల తయారీదారుల ముందు. ఆ ప్రసంగం చదివిన సమయంలోనే ఆర్నాల్డ్ కళ్లకు ఒక పత్రికలో చిన్న వార్త పడింది. నాటింగ్‌హామ్‌లో పేదల ఆశ్రమం నుంచి రాగ్ అనే యువతి పెళ్లి కాకుండా పుట్టిన తన బిడ్డతో బయటికి వెళ్లింది. తర్వాత ఆ బిడ్డ గొంతు నులిమిన స్థితిలో శవమై కనిపించింది. రాగ్‌ను నిర్బంధించారు. అంతే వార్త. ఆ నాలుగు పంక్తుల్ని ఆర్నాల్డ్ ఆ గొప్పల పక్కన పెట్టి చూపించాడు. పత్రికవాళ్లు ఆమెకు ఇంటిపేరు మాత్రమే మిగిల్చారని, ఆమె సొంత పేరూ ఆడమనిషన్న గుర్తూ కూడా తీసేశారని గమనించాడు. (ఆ పేరు వినసొంపుగా లేదని ఒకటి రెండు వాక్యాలు ఎగతాళిగా కూడా రాశాడు. ఆ ముక్క నాకు ఎన్నడూ నచ్చలేదు.) పేపరు మూల పడి ఉన్న నాలుగు పంక్తుల్ని ఇలా చదివినవాణ్ణి ఆసక్తి లేనివాడనగలమా? ఆయనకు లేనిది వాటా. విగ్గులు గెలిచినా టోరీలు గెలిచినా ఆ వార్త వల్ల ఆయనకు వచ్చేదీ పోయేదీ లేదు. అందుకే దాన్ని దాచకుండా చూపగలిగాడు.

మరి తెలుగులో ‘నిరాసక్త’ అని రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లా? కాదు. ఇక్కడే విషయం లోతుగా ఉంది. సంస్కృతంలో ఆసక్తి అంటే అంటుకుని ఉండటం, తగులుకోవడం. ఆ లెక్కన ఆసక్తి లేని అంటే తగులం లేని అని. డిస్‌ఇంటరెస్టెడ్‌కు ఇంతకన్నా దగ్గరి మాట దొరకదు. గాంధీజీ తన గుజరాతీ గీతానువాదానికి అనాసక్తి యోగం అని పేరు పెట్టారు. అది వెలువడింది 1930లో, దండి యాత్ర జరిగిన సంవత్సరంలో. ఆ అనాసక్తికి ‘పట్టించుకోకపోవడం’ అని అర్థం చెబితే నవ్వులపాలవుతాం. కాని నేటి దినపత్రికలో “ఓటర్ల అనాసక్తి” అన్న శీర్షిక చూస్తే మనకు తోచే అర్థం అదే. మాట ఒకటే, అర్థం జారిపోయింది.

జారింది అదొక్కటే కాదు. నిర్లిప్తుడు అంటే అంటనివాడు, తామరాకు మీద నీటిబొట్టు లాంటివాడు. ఇవాళ “అధికారుల నిర్లిప్తత” అంటే తిట్టు. ఉదాసీనుడు అన్న మాట కథ ఇంకా విచిత్రం. కౌటిల్యుని రాజమండలంలో ఉదాసీనుడు తగాదాలకు వెలుపల ఉన్న రాజు, కాని అందరికన్నా బలవంతుడు. ఎవరికైనా సాయం చేయగలడు, ఎవరినైనా అడ్డుకోగలడు. గీత పన్నెండో అధ్యాయంలో భక్తుని గుణాలు చెప్పేచోట ఉదాసీనుడన్న మాట సమర్థుడనే అర్థమిచ్చే దక్షుడన్న మాట పక్కనే వస్తుంది. పని చేతకానివాడు, పట్టనివాడు ఆ జాబితాలో చేరడు. ఇప్పుడు? ఊళ్లో వీధిదీపం వెలగకపోతే “పంచాయతీ ఉదాసీనత” అంటాం. ఇంగ్లీషులో ఒక్క మాటకు పట్టిన గతి మన దగ్గర వరుసగా మూడు మాటలకు పట్టింది.

ఎందుకిలా జరుగుతుంది? నాకు తోచిన కారణం ఒకటి చెబుతాను. ఏ పక్షమూ చేరనివాడూ, ఏదీ పట్టనివాడూ బయటినుంచి చూస్తే ఒకేలా కూర్చుని ఉంటారు. ఇద్దరూ చప్పట్లు కొట్టరు, ఇద్దరూ కేకలు వేయరు. లోపల ఉన్న తేడా పైకి కనబడదు. పైగా పట్టనివాళ్లు మనకు రోజూ తారసపడతారు, సొంత లాభం లేకుండా శ్రమపడేవాళ్లు అరుదు. అరుదైన గుణానికి పెట్టిన పేరును రోజూ కనిపించే దోషం ఆక్రమించేస్తుంది.

మన అలంకారికులు ఈ తేడాను ఎంత జాగ్రత్తగా పట్టుకున్నారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నాటకం చూసే ప్రేక్షకుడికి రసం ఎలా అనుభవానికి వస్తుందన్నది భట్టనాయకుని ప్రశ్న. వేదిక మీది శోకం తనకు సంబంధం లేని ఎవరిదో అనుకుంటే ప్రేక్షకుడు తటస్థుడైపోతాడు. తటస్థుడంటే ఒడ్డున నిలబడ్డవాడు, తడవడు. అక్కడ రసం లేదు. పోనీ ఆ శోకం తన సొంతమే అనుకుంటే నిజమైన దుఃఖమే మిగులుతుంది, అక్కడా రసం లేదు. పరాయిది కాదు, తనదీ కాదు. ఈ రెండింటి మధ్యనున్న స్థితికి ఆయన చెప్పిన ఉపాయం సాధారణీకరణం. శోకం ఫలానావాడిదన్న గుర్తు పోయి మనిషన్నవాడి శోకంగా మారుతుంది. అభినవగుప్తుడు భట్టనాయకునితో కొన్ని విషయాల్లో విభేదించినా ఈ సాధారణీకరణాన్ని మాత్రం స్వీకరించాడు. మన చర్చకు దీన్ని అన్వయిస్తే, తటస్థుడు అన్‌ఇంటరెస్టెడ్, సహృదయుడు డిస్‌ఇంటరెస్టెడ్. కాబట్టి డిస్‌ఇంటరెస్టెడ్‌కు ‘తటస్థ’ అన్న అనువాదం కూడా, కనీసం సాహిత్య చర్చలో, సరిపోదు. 1790లో కాంట్ సౌందర్యానుభవం గురించి చెప్పింది కూడా ఈ దారిలోనిదే. ఒక రాజభవనం అందంగా ఉందా అని అడిగితే, అది ప్రజల చెమటతో కట్టిందనో, అలాంటిది నాకు అక్కరలేదనో అనవచ్చు, అవన్నీ నిజమే కావచ్చు, కాని అడిగిన ప్రశ్నకు జవాబు కాదంటాడు. అయితే కాంట్ మాట్లాడుతున్నది చూసి ఆనందించడం గురించి, ఆర్నాల్డ్ మాట్లాడుతున్నది తీర్పు చెప్పడం గురించి. రెండింటినీ కలిపేయకండి.

ఇంతవరకు చదివిన మీలో కొందరికి ఒక అభ్యంతరం వచ్చి ఉంటుంది, రావాలి కూడా. అసలు వాటా లేని మనిషంటూ ఉంటాడా? నిష్పాక్షికంగా చెబుతున్నానన్న ప్రతివాడి వెనకా ఒక కులం, ఒక వర్గం, ఒక పురుషుడు లేడా? టెర్రీ ఈగల్టన్ 1984లో ఆర్నాల్డ్ వ్యాసం పేరునే గుర్తుచేసే శీర్షికతో రాసిన పుస్తకంలో విమర్శ అనే వ్యవస్థ ఏ వర్గపు అవసరాల్లోంచి పుట్టిందో తవ్వి చూపాడు. మన దగ్గర నీలిమేఘాలు (1993), చిక్కనవుతున్న పాట (1995) సంకలనాలు వచ్చినప్పుడు స్త్రీవాదులూ దళితవాదులూ అడిగిన ప్రశ్న కూడా ఇలాంటిదే: ఇన్నాళ్లూ ‘శుద్ధ సాహిత్య విలువలు’ అంటూ తూచిన తక్కెడ ఎవరిది?

ఈ ప్రశ్న న్యాయమైనది. దీనివల్ల తెలుగు విమర్శకు మేలే జరిగిందని నా అభిప్రాయం. కాని ఒకటి గమనించండి. ఈ ఆరోపణ అర్థం కావాలన్నా ముందు మన రెండు మాటల తేడా తెలిసి ఉండాలి. “నీకు వాటా లేదంటున్నావు, కాని ఉంది” అన్నదే ఆ ఆరోపణ. “నీకు ఆసక్తి లేదంటున్నావు, కాని ఉంది” అని కాదు. ఆ రెండో వాక్యంలో ఆరోపణే లేదు, ఎవరికీ కోపం రాదు. పక్షం లేనట్టు నటించినవాడికన్నా, నేను ఫలానా చోట నిలబడి మాట్లాడుతున్నానని ముందే చెప్పి, తనవాళ్ల కవితలో ఉన్న లోపాన్ని కూడా చూపగలిగినవాడు ఆర్నాల్డ్ కోరిన గుణానికి దగ్గరగా ఉంటాడు. ఆర్నాల్డ్‌కు అతని రాజకీయాలు నచ్చకపోవచ్చు, అది వేరే సంగతి.

ఇక తెలుగులో ఏమని రాయాలి? ‘నిష్పాక్షిక’ చాలాచోట్ల పనికొస్తుంది, ముఖ్యంగా రెండు పక్షాలున్నచోట: అంపైరు, విచారణాధికారి. కాని ఒక కవితను చదివేటప్పుడు రెండు పక్షాలేమీ ఉండవు కదా. ‘నిస్స్వార్థ’ అంటే మరీ త్యాగమూర్తిని చేసినట్టవుతుంది. గీతలో ఉదాసీనుడన్న మాట వచ్చిన శ్లోకంలోనే ‘అనపేక్ష’ అన్న మాట కూడా ఉంది. దానికి దగ్గరగా ‘ప్రయోజన నిరపేక్షమైన’ అని నేను రాస్తాను. బరువుగా ఉందనిపిస్తే ‘సొంత లాభం చూసుకోని’ అని రాయండి, పరీక్షలో మార్కులేమీ తగ్గవు. అన్‌ఇంటరెస్టెడ్‌కు మాత్రం ‘ఆసక్తి లేని’, ‘పట్టని’ అన్నవి చాలు.

ఈ పాఠానికి అభ్యాసంగా ఒక పని చేయండి. ఆదివారం అనుబంధంలో వచ్చిన ఒక పుస్తక సమీక్ష తీసుకోండి. సమీక్షకుడు పుస్తకం చివరిదాకా చదివినట్టు ఏ వాక్యం వల్ల తెలుస్తోందో పెన్సిలుతో గీత గీయండి. తర్వాత, ఆ పుస్తకం గెలిచినా ఓడినా సమీక్షకుడికి వచ్చేదేమైనా ఉందా అని చూడండి: ప్రచురణకర్త ఒక్కరేనా, ముందుమాట ఎవరిది, అంకితం ఎవరికి. మొదటిదానికి జవాబు సమీక్షలోనే దొరుకుతుంది. రెండోదానికి పుస్తకం తెచ్చుకుని మొదటి నాలుగు పుటలు తిప్పాల్సి ఉంటుంది.